ఉత్త ఫ్లాష్

తిరువూరు బస్టాండు దగ్గర స్టూడియో ఎత్తేస్తూ, ఖాజావలి తన పాత రీలు కెమెరాలు రెండూ నా ముందు పెట్టాడు. "గుర్తుగా ఒకటి తీసుకోరా. ఏది కావాలో చూసుకో," అన్నాడు.

నికాన్ లెన్సు వెన్నలా తిరిగింది. పెంటాక్స్‌ది కాస్త బిగువు. రెండిటికీ పైన నలుపు అరిగి ఇత్తడి బయటపడింది. వెనక మూతలు తీసి చూశాను. నికాన్ లోపలంతా రీలు రాసుకున్న గీతలు. పెంటాక్స్ లోపల అద్దంలా మెరుస్తోంది.

"ఇదేంట్రా, పైన ముసల్ది, లోపల పెళ్లికూతురు?"

"దాంట్లో రీలెప్పుడూ వెయ్యలేదురా. పెళ్లిలో ప్రతివాడూ నాకో ఫొటో అని మీద పడతాడుగా. అలాంటోళ్లకి దీంతో ఉత్త ఫ్లాష్ కొట్టేవాణ్ణి. వాళ్లకీ సంతోషం, నాకూ రీలు మిగిలేది."

పడీపడీ నవ్వాను. ఇంత మంచి అల్లరి నాకెందుకు తట్టలేదా అని కుళ్లుకున్నాను కూడా.

అంతలో నా పెళ్లి గుర్తొచ్చింది. ఫొటోలు తీసింది వీడే. మొగుడు పోయినదాన్నని మా అమ్మ పీటల దగ్గరికే రాలేదు. జనం పలచబడ్డాక వచ్చి, "నాక్కూడా ఒకటి తియ్యి నాయనా," అని కుర్చీలో కూర్చుంది. ఆమె జన్మకి అదొక్కటే ఫొటో. రీలుకి వెలుతురు తగిలి పాడైందన్నాడు. పోయేదాకా ఆమె వెలుతురునే తిట్టింది.

"మా అమ్మని దేంతో తీశావు?"

ఖాజావలి తుడిచిన లెన్సునే మళ్లీ తుడుస్తున్నాడు.

పెంటాక్స్ ఎత్తి వాడి మొహానికి గురిపెట్టాను.

"ఇటు చూడరా. మా అమ్మ నవ్వినట్టు నవ్వు."