నడుమ ఎర్ర గీత

గెడ చివరి కొడవలి పామాయిల్ గెలను తప్పి, జారి రూప్‌సింగ్ తొడ మీద పడింది. నెత్తురు పిచికారీలా చిమ్మింది.

“మామా!” ట్రాక్టర్ నడిపే శ్రీను పరుగెత్తుకొచ్చి అతన్ని ట్రాలీలో గోతాల మీదికి ఎత్తాడు. “అశ్వారావుపేట దవాఖానకు ఇరవై నిమిషాలే. జర ఓర్సుకో!” ఒక్క దూకులో సీటెక్కాడు.

ఇరవై నిమిషాలు ఆగే నెత్తురు కాదది.

“గుడ్డతోటి ఆగదు బాపూ.” చెవి దగ్గర గోరి గొంతు. నర్సింగ్ చదువుతున్న కూతురు. “గాయం మీద గాదు. జర పైన, గజ్జల్లో పిడికిలి పెట్టాలె. బోర్లా తిరుగు. దాని మీద నీ బరువంతా వెయ్యి.”

తిరిగాడు. ఎముకకు అదిమిన పిడికిలి కింద ఏదో చేపపిల్లలా ఎగిరెగిరి కొట్టుకుంది. చిమ్మడం ఆగింది.

పామాయిల్ చెట్లు ట్రాలీ వెంట నడిచి వస్తున్నాయి. ఆకుల సందుల్లోంచి ఎండ నీళ్లలా కారుతోంది.

“కండ్లు మూయకు బాపూ. మొన్న నేర్పింది చెప్పు. తొడకు బయటి దిక్కు ఏముంది?”

“పసుపు గీత. నరం.”

“నడుమ?”

“ఎర్రది. గుండెకెళ్లి వచ్చే రక్తం.”

“లోపల?”

“నీలం. వాపసు పోయే రక్తం... నిద్రొస్తుంది బిడ్డా.”

“మల్ల మొదటికెళ్లి చెప్పు!”

అతనికి నవ్వొచ్చింది. మొన్న ఆదివారం ఇంట్లో పరీక్షకు చదువుతూ, చెరగని మార్కర్లతో ఈ మూడు గీతలూ అతని తొడ మీదే గీసింది పిల్ల. “తోటోళ్లు చూస్తే నా ఇజ్జత్ పోతది” అంటూ ఎంత తోమినా పోలేదు.

ఇప్పుడా గీతలు పొడుగ్గా సాగిపోతున్నాయి. పసుపు బాట. ఎర్ర వాగు. నీలం వాగు. అతను తేలిపోతున్నాడు. గోరి గట్టు మీంచి పిలుస్తూనే ఉంది.

దవాఖానలో డాక్టరమ్మ అతన్ని మెల్లగా వెల్లకిలా తిప్పించింది.

“పిడికిలి కదపకండి! అరంగుళం పక్కకు జరిగుంటే దారిలోనే పోయేవాడు. ఎవరిదీ తెలివి?”

“నా బిడ్డది మేడం,” రూప్‌సింగ్ గొణిగాడు. “దారంతా పిడికిలి తియ్యలే.”

శ్రీను బిత్తరపోయాడు. “గోరి ఏడికెళ్లి వస్తది మామా? పొద్దుగాల్నే ఖమ్మంల పరీక్షకు కూసుంది గద!”

నర్సు నెత్తురు తుడిచింది. మూడు రంగుల గీతలు బయటపడ్డాయి. నడుమ ఎర్ర గీత మీద బిగుసుకుపోయి ఉన్నది రూప్‌సింగ్ పిడికిలే.