బూజు బిళ్ళ

కబేళా కూలీలందరి మెడలోకీ బూజు బిళ్ళ వచ్చి రెండేళ్ళయింది. అక్కడి తోళ్ళ మీది బూజు ఊపిరితిత్తుల్లో చేరితే బిళ్ళ ఎర్రబడుతుంది, ఆ మనిషికి గేటు తెరుచుకోదు. ముసుగు వేసుకుని పనిచేసే దస్తగిరి బిళ్ళ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

ఆ సాయంత్రం గుమ్మంలో అతని చొక్కాకి పట్టిన బూజు దులుపుతున్న భార్య మస్తానమ్మ, దగ్గుకుంటూనే, స్నానానికి వెళ్తూ అతను తీసి పెట్టిన బిళ్ళ సరదాకి మెళ్ళో వేసుకుంది. చిటికెలో ఎర్రబడింది.

“ఏమయ్యా, ఇటు చూడు!”

దస్తగిరి తడి ఒంటితోనే పరుగెత్తుకొచ్చి, బిళ్ళ లాక్కుని తన మెళ్ళో వేసుకున్నాడు. అది మెల్లగా పచ్చబడింది.

“హమ్మయ్య! నా పని పోయిందనుకున్నా. ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోకు.”

“ముట్టుకోనులే,” అని మస్తానమ్మ అతని ప్యాంటు అందుకుంది. ఇవాళ మొదటిసారి కొంగు ముక్కుకి కట్టుకుని దులపసాగింది.