గుడ్లు పెట్టే కాలం

“పిట్ట పంజరంలో సముద్రపు నురుగు ముక్క అయిపోతే చెప్పొద్దా? నీకు కళ్ళు లేవా?” ప్రభుదాసు భార్య మీద అరిచాడు.

ఆరో నెల గర్భిణి ఎస్తేరు పట్టేసిన పిక్కను నొక్కుకుంటూ పీట మీద కూర్చుని ఉంది.

“దానికెక్కడ తీరిక? కాళ్ళు లాగుతున్నాయని రోజంతా కూలబడటమే. మేం కనలేదూ?” అత్త మార్తమ్మ పిండి రుబ్బుతూనే ఎత్తిపొడిచింది.

“ఆడ కేనరీ పిట్టకి గుడ్లు పెట్టే కాలమమ్మా ఇది. ఉడికించిన గుడ్డు, నానేసిన కొర్రలు పెడితే చాలదు, పెంకుకి సున్నం కావాలి. ఆ నురుగు ముక్కంతా గట్టి సున్నమే, అది లేకపోతే తన ఎముకల్లోంచే ఇచ్చుకుంటుంది. చూడు, కాళ్ళెలా ఈడుస్తోందో! మళ్ళీ తెనాలి నుంచి నిజాంపట్నం ఒడ్డు దాకా పోయి ఏరుకు రావాలి.”

మార్తమ్మ చేతిలో పొత్రం ఆగింది. పిట్ట కాళ్ళ వంకా, కోడలి కాళ్ళ వంకా చూసింది.

“డాక్టరమ్మ ఎస్తేరుకి రాసిచ్చిన మాత్రలు కూడా ఎముకలకేగదరా?”

“అవును. దండగన్నావుగా నువ్వే! అందుకే తేలేదు.”

“అన్నాన్రా! తెలీక అన్నాను.”

మార్తమ్మ పిండి చేతులతోనే లేచింది. పిట్ట కోసం ఉడికించిన గుడ్డు తీసి కోడలి చేతిలో పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

“నీకు తెలుసుగా!”