అత్త కప్పు వేరు

"ఆ కప్పు ముట్టుకోకు!"

మేనత్త అరుపుకి బాలింత ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది. ఒళ్లో ఆరు రోజుల బిడ్డ కెవ్వుమన్నాడు.

"నీ కప్పు వేరు, నీ కంచం వేరు, నీ పడక వంటపాకలో. నేనేం పాపం చేశానత్తా? పుట్టాక వీణ్ణి ఒక్కసారైనా ఎత్తుకున్నావా?"

"నడుం బాగోలేదు."

"నిన్న కొబ్బరికాయల బస్తా మోశావు, అప్పుడు బాగుందా నడుం? ముచ్చటపడి నాకు నీ పేరే పెట్టుకున్నావు. వీడికి పేరు పెట్టమంటే మాత్రం నోరు రాదు!"

టోంగా దీవుల్లో మేనత్త మాటంటే మాటే. ఆమె ముందు అన్నదమ్ములే తల వంచుతారు. అలాంటి ఫూసి అత్త మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

అప్పుడే మందుల పెట్టె పట్టుకుని నర్సు వచ్చింది. నెలకోసారి పెద్దదీవి నుంచి పడవ మీద వచ్చేవాళ్లలో ఈమె కొత్త. పేరు సెలోటె. అత్త ఆమెను చేయి పట్టుకుని వంటపాకలోకి లాక్కెళ్లింది.

"ఎవరికీ చెప్పకు తల్లీ. ఆమధ్య మీవాళ్లు వచ్చి ఇంట్లో అందరి రక్తం తీసుకెళ్లారు. పోయిన నెల పడవలో కాగితం వచ్చింది. హెపటైటిస్ బి పాజిటివ్ అట, వెంటనే ఆసుపత్రికి రమ్మని. నిండు చూలాలిని వదిలి ఎలా వెళ్లను? బైబిల్లో దాచేశాను. నా చావు నేను చస్తాను, పసివాడికి అంటకుండా ఉంటే చాలు."

సెలోటె నొచ్చుకుంది. "కప్పుతో అంటుకుంటుందని ఎవరన్నారమ్మా? కలిసి తిన్నా, ఎత్తుకున్నా ఏమీ కాదు. రక్తంతో అంటుతుంది. లేదా కాన్పులో తల్లి నుంచి బిడ్డకి. అందుకే అలాంటి తల్లుల్ని ముందే ఆసుపత్రికి పిలిపించి, బిడ్డకి పుట్టిన రోజే సూదిమందు వేస్తాం."

"బతికించావు! ఈ వయసులో నాకు కాన్పేమిటి!"

నెల రోజుల్లో మొదటిసారి అత్త నవ్వింది. పరుగున ఇంట్లోకి వెళ్లి బిడ్డను లాక్కుని గుండెలకి హత్తుకుంది. "నీ పేరు విలిసోనిరా నాన్నా, మా నాయన పేరు!"

"నడుం నయమైందా అత్తా?" అంటూ బాలింత ఏడుస్తూనే నవ్వింది.

"వీడు ఎక్కడ పుట్టాడు?" వెనకే వచ్చిన నర్సు అడిగింది.

"ఇదిగో, ఈ చాప మీదే. పక్కింటావిడ పురుడు పోసింది," అని అత్త బైబిల్లోంచి కాగితం తీసి ఇచ్చింది. "చూడమ్మా, నేను ఎప్పుడు రావాలో."

సెలోటె చదివింది. మడత సరిచేసి మళ్లీ చదివింది. ఆమె చేయి మందుల పెట్టె మూత మీదికి వెళ్లింది.

"బిడ్డని ఇటివ్వండి, ఇప్పుడైనా సూది వేస్తాను," అంది. "ఈ కాగితంలో ఉన్న ఫూసికి ఇరవై రెండేళ్లు."