విధి నిర్వహణలో మరణం

కొడుకు సరిహద్దు క్యాంపులో ఉరేసుకున్నాడని తెలియగానే ఓక్‌బున్ సియోల్ నుంచి మొదటి బస్సులో వచ్చింది. క్యాంపు ఆఫీసులో విచారణ చూస్తున్న మేజర్ తక్ లేచి ఎదురొచ్చాడు. బార్లీ టీ తనే పోసి ఆమె చేతికిచ్చాడు.

"అమ్మగారూ, అబ్బాయి ఫోన్లో ఎప్పుడైనా ఏడ్చాడా? ఎవరైనా కొడుతున్నారని చెప్పాడా?"

పోయిన ఆదివారమే ఏడ్చాడు. సీనియర్ సైనికులు బెల్టుతో కొడుతున్నారమ్మా, వచ్చి తీసుకుపో అన్నాడు. మగాడివి, ఓర్చుకోమని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

ఏడ్చాడంటే పిరికివాడనుకుంటారేమో, సైనికుల శ్మశానంలో చోటివ్వరేమో అని ఆమెకు భయం వేసింది.

"లేదు సార్. నా బిడ్డ గట్టివాడు. అందరూ సొంత తమ్ముడిలా చూసుకుంటున్నారనేవాడు."

"నిజమేనా అమ్మా?"

"ఒట్టు సార్."

మేజర్ ఆ మాటలే రాసి సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత సైనిక నిబంధనల పుస్తకం తెరిచి తీరిగ్గా చదివాడు.

"విధి నిర్వహణలో మరణం అంటే, పోరాటంలో గాని, శిక్షణలో గాని, తోటి సైనికుల వేధింపుల వల్ల గాని ప్రాణం పోవడం." తలెత్తాడు. "మీవాడిది ఇందులోకి రాదమ్మా. సొంత కారణాలని రాస్తాం. సైనిక శ్మశానం కుదరదు."

ఓక్‌బున్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కొట్టారు సార్! బెల్టుతో కొట్టారు! నాతో చెప్పుకుని ఏడ్చాడు సార్!"

మేజర్ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"ఇది చదివి వినిపించాక ప్రతి తల్లీ అదే అంటుందమ్మా. అందుకే సంతకం అయ్యాకే చదువుతాను."