ఇటు తిరిగిన పడవవాడు

చిత్రకారుడు కొర్బినియన్ బొమ్మలోని నీళ్ళ రంగు మళ్ళీ గీకేశాడు. బవేరియా కొండల నడిమి సరస్సు బొమ్మ ఎంతకీ కుదిరి చావడం లేదు. దీపం పట్టుకొచ్చిన భార్య క్రెసెంజ్ బొమ్మకేసి చూసి నవ్వింది.

"నీళ్ళ సంగతి సరే. మా పడవవాళ్ళు కొండకేసి కేకేస్తారు, కొండ బదులిస్తుంది. నీవాడేంటయ్యా, నోటి దగ్గర చేతులు పెట్టుకుని మనకేసి తిరిగాడు?"

"వెళ్ళి పడుకోవే, విసిగించక!"

ఆమె వెళ్ళాక ఇల్లు సద్దుమణిగింది. కసికొద్దీ అతను పడవవాణ్ణే గీకేద్దామని కత్తి ఎత్తాడు.

నీళ్ళమీంచి వచ్చినట్టు ఓ కేక వినిపించింది. "ఓహో...య్!"

కొర్బినియన్ పెదాలు బిగించాడు. అయినా అతని గొంతులోంచి అదే కేక, అదే రాగంలో, తిరిగి వెళ్ళింది.

బొమ్మలో పడవవాడు మళ్ళీ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.