విజయ్ పాల్ సాక్ష్యం

మైకు చేతికొచ్చాక విజయ్ పాల్ దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

“చెప్పు బాబూ. ఏం జరిగితే అదే చెప్పు,” అన్నారు పాస్టర్ ఏసురాజు గారు మెల్లగా.

నరసాపురం పక్కనున్న ఆ ఊళ్ళో, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడమంటే దేవుడు తనకు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం. విజయ్ పాల్ చెప్పుకోవలసిన మేలేమిటో గుడిలో అందరికీ తెలుసు. అతను టీవీలో వచ్చే లీగులో కబడ్డీ ఆడతాడు. మొదట భుజం జారింది, కట్టు కట్టించుకుని మళ్ళీ కూతకి వెళ్ళాడు. తర్వాత చీలమండ విరిగింది, మళ్ళీ వెళ్ళాడు. ఆఖరికి మోకాలు పోయింది. ఒక ఆపరేషను చాలక ఇంకోటి చేశారు. ఆ మోకాలు బాగుపడాలని ఏడాదిగా ఇక్కడ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతోంది. లేసు అల్లుకుని బతికే ఆడవాళ్ళు పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా సాయంత్రం దాకా కూర్చునేవారు.

అసలు జరిగింది వేరు. పోయిన నెల టీము డాక్టరు ఆ మోకాలిని ఇటూ అటూ వంచి చూసి పెదవి విరిచాడు. మేనేజరు చెయ్యి కలిపి, ఇన్నాళ్ళూ ఆడినందుకు థాంక్స్ చెప్పి పంపేశాడు. అక్కడితో ఆట అయిపోయింది. విజయ్ పాల్ ఆ ముక్క ఇంట్లో కూడా చెప్పలేదు. సెలవిచ్చారని చెప్పి మొన్న మంగళవారం ఇంటికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే పరుగుకని బయల్దేరి, కాలవ వంతెన దాటాక గట్టు మీద కూలబడి, ఎండెక్కాక మొహం మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని, చెమట పట్టినవాడిలా ఇంటికి చేరేవాడు. వాళ్ళమ్మ తబిత ఏమీ అడక్కుండా రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టేది.

ఈ రోజు నిజం చెప్పేద్దామనే లేచాడు. తీరా లేచాక, చాపల మీద కూర్చున్న వాళ్ళందరూ తలలెత్తి అతన్నే చూస్తున్నారు. ఇన్ని శుక్రవారాల వాళ్ళ పస్తులు వృథా అయ్యాయని ఎలా చెప్పను అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. అది ఉత్త సాకు. ఊరంతా నెత్తిన పెట్టుకున్న మనిషికి, ఇక నేను పనికిరానని ఊళ్ళోవాళ్ళ ముందు ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు, అంతే.

“మీ ప్రార్థనల వల్ల మోకాలు పూర్తిగా బాగైందండి,” అన్నాడు. “నొప్పన్నదే లేదు. వచ్చే నెల మళ్ళీ క్యాంపుకి వెళ్తున్నానండి.”

అంతటితో ఊరుకోకుండా, నమ్మకం కలగడానికి కాలెత్తి నేల మీద గట్టిగా తాటించాడు కూడా. నొప్పి తొడ దాకా ఎగబాకింది. పళ్ళ బిగువున నవ్వాడు.

ఎవరూ స్తోత్రం అనలేదు. మామూలుగా ఎవరి గేదె ఈనిందన్నా కప్పెగిరిపోయేలా స్తోత్రాలు చెప్పే జనం, ఇప్పుడు తలలు దించుకున్నారు. వెనకెవరో దగ్గారు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో తబిత పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ ఒళ్ళోకే చూస్తోంది. సంతోషంతో నోట మాట రావడం లేదు కాబోలు అనుకున్నాడు విజయ్ పాల్. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పాస్టరు గారు మైకు తీసుకున్నారు. తర్వాత, “ప్రార్థన చేసుకుందాం,” అన్నారు.

అప్పుడు పడింది పిడుగు. ఆ గుడిలో ప్రార్థనంటే మోకాళ్ళ మీదే. జ్వరమొచ్చినా, వయసు మీద పడినా, మోకరించాల్సిందే. అది విజయ్ పాల్‌కి పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ప్రార్థన అనగానే అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. అప్పటికే గుడంతా కదిలింది. చాపలు రాసుకుంటున్నాయి, చీరలు గరగరలాడుతున్నాయి, ముసలివాళ్ళు ఉస్సురంటున్నారు. అందరూ వంగుతున్నట్టే ఉంది. తనొక్కడే నిటారుగా నిలబడిపోతే ఇంకేముంది, ఇందాక చెప్పిందంతా అబద్ధమని తేలిపోతుంది.

మూసిన కళ్ళు ఇంకా గట్టిగా బిగించాడు. మంచి కాలు ముందు వంచాడు. రెండోది సగం దాకా వంగి మొరాయించింది. ఆ కాలి మీదే ఒళ్ళంతా మోపి ఒక్క ఊపున కిందికి దిగాడు. లోపలేదో పటుక్కుమంది. కేక బయటికి రాకుండా పెదవి కొరుక్కున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. ప్రార్థన తొందరగా మొదలుపెడితే తొందరగా అయిపోతుంది, అయిపోయాక లేవడం ఎలాగో అప్పుడు చూసుకుందాం అనుకున్నాడు.

ప్రార్థన మొదలు కాలేదు. పాస్టరు గారి గొంతు ఎంతకీ వినపడలేదు.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా అన్నీ పాదాలే. తలెత్తి చూశాడు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, కర్ర ఊతంతో ముసలి మరిడమ్మ, చేతిలో బైబిలుతో పాస్టరు గారు, అందరూ నిలబడే ఉన్నారు. గుడి మొత్తంలో మోకాళ్ళ మీద ఉన్నది అతనొక్కడే.

తబిత వచ్చి కొడుకు చంకల కింద చేతులు వేసింది.

“నిన్ను టీములోంచి తీసేశారన్న వార్త ఫోన్లో చూసిన ఆదివారమే అందరం అనుకున్నాం నాన్నా, నువ్వు గుడికొచ్చిన రోజు నీ మోకాలికి కష్టం లేకుండా నిలబడే ప్రార్థన చేసుకుందామని,” అంది. “మేమంతా లేచి నిలబడితే, నువ్వెందుకురా వంగావు?”